మాట ఫోన్‌లోనే ఉంది, ఎక్కడుందో చూపేవారే లేరు

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలో అంబాజీపేట పరిసరాల్లో దస్తావేజులు, అర్జీలు రాయడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఈ మధ్య కాగితాల సంచీ విప్పడానికి ముందే సెల్‌ఫోన్ తీసి బల్ల మీద పెడుతున్నారు. ‘ఆయన ఫోన్‌లో ఒప్పుకున్నాడండి, రికార్డింగ్ కూడా అయింది, ఇప్పుడు వెతికితే కనబడట్లేదు’ అన్నదే అందరి మాటా. వారి ఫోన్లు చూస్తే ఎక్కువ సందర్భాల్లో ఆ రికార్డింగ్ పోయి ఉండదు. ఫోన్ తయారుచేసిన కంపెనీ తన ఇష్టం వచ్చిన చోట దాన్ని దాచి, ఆ చోటు ఏదో కొన్నవారికి చెప్పకపోవడం వల్ల అది లేనట్టే అవుతోంది. ఈ సంగతి మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికీ, ఫోన్లు తయారుచేసేవారి దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మన డెల్టాలో ఇది చిన్న విషయం కాదు. ధవళేశ్వరం దిగువన కాలువ నీళ్లు పారే ప్రతి ఊళ్లోనూ వ్యాపారం సగానికి పైగా నోటి మాట మీద నడుస్తుంది. రొయ్యల చెరువు పట్టుబడికి ముందురోజు సాయంత్రం కొనేవారు ఫోన్ చేసి ఏ కౌంటుకు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే, ఎంత ఇస్తారో చెబుతారు. తెల్లవారుజామున వల లాగేటప్పటికి ఎవరి చేతిలోనూ కాగితం ముక్క ఉండదు. కొబ్బరికాయల బేరం వెయ్యికి ఇంతని ఫోన్‌లోనే తెగుతుంది; దింపు కూలి ఎవరు భరించాలో, చిన్నకాయను ఎలా లెక్కవేయాలో కూడా ఆ మాటల్లోనే తేలుతుంది. కౌలు మాట చెప్పనే అక్కర్లేదు. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న భూమి యజమాని ‘సార్వాకు ఎకరాకు ఇన్ని బస్తాల మక్తా, దాళ్వా సంగతి తర్వాత చూద్దాం’ అంటే, ఆ ఒక్క ఫోన్ కాల్ మీదే కౌలురైతు ఏడాదంతా పెట్టుబడి పెడతాడు. రాతకోతలు ఉండాలని నాబోటివాళ్లం ఎంత మొత్తుకున్నా, ఉన్న పరిస్థితి ఇది. అలాంటప్పుడు ఆ మాట నిలబడి ఉన్న ఒకే ఒక్క చోటు ఆ ఫోన్‌లోని శబ్దపు ఫైలు. అది ఎక్కడుందో తెలియకపోవడం పట్టాదారు పాస్‌పుస్తకం ఎక్కడ పెట్టామో మరిచిపోవడం కంటే తక్కువ నష్టమేమీ కాదు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ‘సిమ్ కంపెనీవాళ్ల దగ్గర మన మాటలన్నీ ఉంటాయి, అర్జీ పెడితే ఇస్తారు’ అని నమ్మేవారు మన వైపు చాలామంది ఉన్నారు. టెలికాం కంపెనీలు భద్రపరిచేది ఎవరు ఎవరికి ఏ సమయంలో ఎంతసేపు ఫోన్ చేశారన్న కాల్ వివరాలను మాత్రమే; 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధన సవరించాక వాటిని కనీసం రెండేళ్లు ఉంచాలి. మాట్లాడిన మాటలు అందులో ఉండవు. పోలీసులు అడిగినా గడిచిపోయిన సంభాషణను ఏ కంపెనీ తీసి ఇవ్వలేదు. కాబట్టి రికార్డింగ్ అంటూ ఉంటే అది మాట్లాడిన ఇద్దరిలో ఎవరో ఒకరి ఫోన్‌లో ఉండాలి, అది కూడా కాల్ జరుగుతున్నప్పుడు రికార్డింగ్ నడిచి ఉంటేనే. ఈరోజు ఆటోమేటిక్ రికార్డింగ్ ఆన్ చేసి నిన్నటి మాటల కోసం వెతికితే దొరకవు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ పైకి ఒకేలా కనిపించినా కాల్ రికార్డింగ్ దాచే తీరు కంపెనీకొకటి. శామ్‌సంగ్ ఫోన్లలో ‘మై ఫైల్స్’ తెరిచి, ఇంటర్నల్ స్టోరేజ్‌లో ‘రికార్డింగ్స్’ అనే ఫోల్డర్‌లోకి వెళితే దాని లోపల ‘కాల్’ అనే ఫోల్డర్ ఉంటుంది; కొంచెం పాత ఫోన్లలో ఆ ‘కాల్’ ఫోల్డర్ బయటే విడిగా ఉంటుంది. ఇంత తిరగకుండా ఫోన్ యాప్‌లోనే పైనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘రికార్డ్ కాల్స్’ తెరిచినా రికార్డయిన కాల్స్ జాబితా వస్తుంది. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో కంపెనీ సొంత డయలర్ (నంబరు నొక్కి కాల్ చేసే ఫోన్ యాప్) ఉన్నవాటిలో ‘ఎంఐయూఐ’ అనే ఫోల్డర్, అందులో ‘సౌండ్ రికార్డర్’, అందులో ‘కాల్ రెక్’ అని మూడు గుమ్మాలు దాటాలి. లేదా ఫోన్‌తో వచ్చిన రికార్డర్ యాప్ తెరిస్తే అక్కడ కాల్స్ విడిగా కనిపిస్తాయి. ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో చాలావాటిలో ‘మ్యూజిక్’ ఫోల్డర్ లోపల ‘రికార్డింగ్స్’, దాని లోపల ‘కాల్ రికార్డింగ్స్’ ఉంటుంది. మక్తా మాటలు వెతుక్కునే రైతుకు అవి సంగీతం గదిలో ఉంటాయని ఎలా తడుతుందో ఆ కంపెనీవారే చెప్పాలి. వివో ఫోన్లలో ‘రికార్డ్’ లేదా ‘రికార్డింగ్స్’ అనే ఫోల్డర్ లోపల ‘కాల్’ అనేది చూడాలి.

వీటన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది గూగుల్ వారి ఫోన్ యాప్. మోటరోలా, నోకియా, పిక్సెల్ ఫోన్లలోనే కాదు, కొన్నేళ్ల పాటు అమ్మిన షావోమీ, రియల్‌మీ, ఒప్పో ఫోన్లలో కూడా డయలర్‌గా ఇదే వచ్చింది. రికార్డింగ్ మొదలవగానే ‘ఈ కాల్ రికార్డ్ అవుతోంది’ అని ఇద్దరికీ వినపడేలా చెప్పేది ఇదే కనుక దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఇందులో చేసిన రికార్డింగ్ ఏ ఫోల్డర్‌లోనూ కనిపించదు. ఫైల్ మేనేజర్‌లో ఎంత గాలించినా దొరకదు, ఎందుకంటే అది ఆ యాప్ సొంత అరలో ఉంటుంది. ఫోన్ యాప్ తెరిచి, కాల్స్ జాబితాలో ఆ నంబరు మీద నొక్కి, ఆ నంబరుతో జరిగిన కాల్స్ చరిత్రలోకి వెళితే రికార్డయిన కాల్ దగ్గర వినడానికి గుర్తు కనిపిస్తుంది. అక్కడి నుంచే దాన్ని షేర్ చేసి బయటికి తీసుకోవాలి. ఆ కాల్‌ను జాబితాలోంచి కొట్టేసినా, ఎవరో చెప్పారని ఫోన్ యాప్ డేటా తుడిచేసినా అందులోని రికార్డింగ్‌ల మీద ఆశ వదులుకోవాల్సిందే. పైగా ఈ యాప్ సెట్టింగ్స్‌లో కొన్ని రోజుల తర్వాత రికార్డింగ్‌లను దానంతట అదే తీసేసే ఏర్పాటు కూడా ఉంది. ఫోన్ కొన్న రోజున దుకాణంలోని కుర్రాడు ‘మెమొరీ నిండదండి’ అంటూ ఏది నొక్కాడో యజమానికి తెలియదు. ఈ యాప్ వాడేవారు ఆ ఒక్క సెట్టింగ్‌ను ఈరోజే చూసుకోవడం మంచిది.

ఒకే ఇంట్లో ఒకే కంపెనీవి రెండు ఫోన్లు ఉంటే, రెండేళ్ల తేడాలో కొన్నందుకు ఒకదానిలో రికార్డింగ్ ఫోల్డర్‌లోనూ మరొకదానిలో డయలర్‌లోనూ ఉండటం నేను చూశాను. కొడుకు ఫోన్‌లో దొరికిన చోట తండ్రి ఫోన్‌లో దొరక్కపోతే, పెద్దాయన తానే ఏదో తప్పు నొక్కి ఉంటానని సిగ్గుపడుతున్నాడు. తప్పు ఆయనది కాదు.

ఈ గందరగోళానికి కొంత చరిత్ర ఉంది. ఒకప్పుడు ప్లే స్టోర్‌లో కాల్ రికార్డర్ యాప్‌లు కోకొల్లలుగా ఉండేవి, ఒక్కొక్కటి తన పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకునేది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి బయటి యాప్‌లకు ఫోన్ సంభాషణ అందే దారులు మూసుకుపోతూ వచ్చాయి. చూపు, వినికిడి లోపం ఉన్నవారి కోసం పెట్టిన యాక్సెసిబిలిటీ సదుపాయాన్ని అడ్డుపెట్టుకుని కొన్ని యాప్‌లు ఆ పని కొనసాగించాయి. 2022 మే 11 నుంచి గూగుల్ దానినీ తన ప్లే స్టోర్ నిబంధనలతో ఆపింది. ఆ తర్వాత కాల్ రికార్డింగ్ దాదాపుగా ఫోన్‌తో పాటే వచ్చే డయలర్ల పని అయింది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12లో రికార్డింగ్‌ల కోసమని అందరికీ ఉమ్మడిగా ఒక ‘రికార్డింగ్స్’ ఫోల్డర్‌ను కూడా గూగుల్ ఏర్పాటు చేసింది. ఫొటోలకు ఒక చోటు, డౌన్‌లోడ్‌లకు ఒక చోటు ఉన్నట్టే దీనికీ ఒక చోటు అన్నమాట. ఆ చోటును అందరూ ఒకే తీరున వాడి ఉంటే నేను ఈ లేఖ రాయవలసిన అవసరం సగం తగ్గేది.

వెతికే పద్ధతి గురించి ఒక అనుభవం చెబుతాను. ముమ్మిడివరం వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చారు. ముందురోజు ఫోన్‌లో చెప్పిన ధరకు, చెరువు గట్టు మీద ఇచ్చిన ధరకు కిలోకు పది రూపాయల తేడా వచ్చింది. నాలుగు టన్నుల సరుకు మీద అది నలభై వేలు. కొన్నవారు ఎవరన్నది ఇక్కడ అనవసరం. రైతు ఫోన్‌లో ఆటోమేటిక్ రికార్డింగ్ ఆన్ చేసే ఉంది. ఆయన పాటలు వినే యాప్‌లో వెతికారు, గ్యాలరీలో వెతికారు, వాట్సాప్‌లో కూడా వెతికారు. ఆ వ్యాపారి పేరు టైపు చేసి చూశారు, రాలేదు. రాకపోవడానికి కారణం, ఆ నంబరు ఆయన ఫోన్‌లో పేరుతో సేవ్ చేసి లేదు. ఫైలు పేరు మాట్లాడిన మనిషి పేరుతో కాక ఉత్త నంబరుతో ఏర్పడింది. ఫైల్ మేనేజర్ తెరిచి ఆ ‘కాల్ రెక్’ ఫోల్డర్‌లోకి వెళ్లి, తేదీ వరుసలో పెట్టి చూస్తే, ఒక ఫోన్ నంబరు, దాని పక్కన అడ్డగీత, ఆ తర్వాత 20250318194207 అన్న అంకెల వరుస కనిపించాయి. రైతుకు అది ఏదో యంత్రం రాసుకున్న పిచ్చి లెక్కలా తోచింది. విడదీసి చదివితే 2025వ సంవత్సరం, 03వ నెల, 18వ తేదీ, 19 గంటల 42 నిమిషాల 07 సెకన్లు. అంటే మార్చి 18 సాయంత్రం 7 గంటల 42 నిమిషాలు. ‘ఆయ్, అప్పుడేనండి, ఏరియేటర్ల దగ్గర నిలబడి మాట్లాడాను’ అన్నారాయన. వినిపిస్తే, చెరువు నీళ్లలో గాలి కలిపే ఆ ఏరియేటర్ల చప్పుడు వెనక నుంచి వస్తూనే ఉంది, దాని మీదుగా కౌంటు, ధర, బండి వచ్చే వేళ స్పష్టంగా వినిపించాయి. పెద్దమనుషుల ఎదుట అది విన్నాక మిగిలిన డబ్బు గురించి రెండో మాట రాలేదు.

అందుచేత పేరుతో వెతికి దొరకలేదని వదిలేయకూడదు. కాల్స్ జాబితాలో ఆ కాల్ జరిగిన తేదీ, సమయం ముందు చూసుకుని, ఫైల్ మేనేజర్‌లో ఆడియో ఫైళ్లను తేదీ వరుసలో పెట్టి ఆ సమయం దగ్గర వెతకాలి. శామ్‌సంగ్ ఫోన్లలో ఫైలు పేరులో సంవత్సరానికి చివరి రెండంకెలే ఉంటాయి, కాబట్టి 250318 అన్నా అదే తేదీ. ఫోన్‌లో ఫైల్ మేనేజర్ సరైనది లేకపోతే గూగుల్ వారి ‘ఫైల్స్’ యాప్‌తో ఆడియో విభాగం చూడవచ్చు. అలాగే పాటల యాప్‌లో కనిపించలేదంటే ఫైలు లేదని కాదు. కొన్ని ఫోల్డర్లను పాటల జాబితాలో కలపవద్దని ఫోన్‌కు ముందే సూచన ఉంటుంది. లేకపోతే పెళ్లిలో పాటలు పెట్టినప్పుడు మధ్యలో మన అప్పుల సంభాషణ మోగేది!

దొరికే అవకాశం ఉన్నదాన్ని చేజేతులా పోగొట్టుకోవడం అన్నిటికంటే బాధాకరం. ఫోన్ నెమ్మదించిందని రిపేరు దుకాణానికి ఇస్తే, అక్కడ ఏమీ అడగకుండా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తున్నారు. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లలో సమాచారమంతా గుప్తలిపిలో ఉంటుంది, రీసెట్‌తో దాన్ని విప్పే తాళంచెవే చెరిగిపోతుంది; అందుచేత ‘రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీసిస్తాం, రెండు వేలవుతుంది’ అనేవారికి డబ్బు ఇవ్వడం వృథా. గూగుల్ ఖాతా బ్యాకప్‌లో కాల్స్ చరిత్ర వస్తుందే గాని రికార్డింగ్ శబ్దం రాదు, ఫొటోల యాప్ శబ్దపు ఫైళ్లను దాచదు. ఈ రెండూ ఉన్నాయి కదా అన్న ధీమాతోనే చాలామంది పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేస్తున్నారు. మెమొరీ నిండిందని శుభ్రం చేసే యాప్ ‘అనవసర ఫైళ్లు’ అని చూపించినవన్నీ ఒక్క నొక్కుతో తీసేయడం మరో ప్రమాదం. పొరపాటున కొట్టేసి నెల దాటకపోతే మాత్రం ఆశ ఉంది: శామ్‌సంగ్ వారి ‘మై ఫైల్స్’లోనూ, గూగుల్ ‘ఫైల్స్’ యాప్‌లోనూ వాటి ద్వారా తీసేసినవి ముప్పై రోజుల పాటు చెత్తబుట్టలో ఉంటాయి, అక్కడి నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు.

వివాదం కోర్టుదాకా వెళ్లే సూచన కనిపిస్తే చేయవలసినది, చేయకూడనిది రెండూ ఉన్నాయి. సంభాషణ రికార్డింగ్‌ను సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. అయితే గొంతు ఎవరిదో తేలాలి, విషయానికి సంబంధం ఉండాలి, మార్పులు జరగలేదని నమ్మకం కలగాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలు దాఖలు చేసేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఒక భాగం ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వారు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ విలువ అంటే ఆ ఫైలు నుంచి లెక్కకట్టే అక్షరాలు, అంకెల వరుస. దస్తావేజు మీద వేలిముద్ర లాంటిది. ఫైలులో ఒక్క సెకను కత్తిరించినా ఆ ముద్ర మారిపోతుంది. మనవాళ్లు చేసేదేమిటంటే, పనికొచ్చే అర నిమిషం ముక్క కత్తిరించి, దాన్ని వాట్సాప్‌లో బావమరిదికి పంపి, అసలు ఫైలు కొట్టేసి, ఆ ముక్క పట్టుకుని వకీలు దగ్గరకు వెళతారు. వాట్సాప్‌లో ఆడియోగా పంపిన ఫైలు పేరు మారిపోతుంది, దానితోపాటు నేను పైన చెప్పిన తేదీ, సమయం, నంబరు అన్నీ పోతాయి. తప్పనిసరిగా పంపవలసి వస్తే డాక్యుమెంట్‌గా పంపాలి. అంతకంటే మంచిది, కేబుల్‌తో కంప్యూటర్‌లోకి పూర్తి ఫైలును కాపీ చేసుకుని, అసలు ఫైలును దాని చోటే కదపకుండా ఉంచి, ఆ ఫోన్‌ను అమ్మకుండా బీరువాలో పెట్టుకోవడం. 2020 జులైలో పాత సాక్ష్య చట్టం కింద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, పరికరం సొంతదారే దాన్ని తెచ్చి బోనులో నిలబడి సాక్ష్యమిస్తే ధ్రువపత్రం అక్కర్లేదని కూడా అంది. పాత ఫోన్‌కు ఎక్స్ఛేంజ్‌లో వచ్చే రెండు మూడు వేలతో పోల్చి చూసుకోవాలి.

రికార్డింగ్ గురించి రాస్తున్నాను కదా అని ఎవరి మాటలనైనా పట్టుకోవచ్చని నేను అంటున్నట్టు అనుకోవద్దు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. తాను మాట్లాడిన బేరాన్ని తన రక్షణ కోసం దాచుకోవడం వేరు, భార్య ఫోన్‌లోనో తమ్ముడి ఫోన్‌లోనో వారికి తెలియకుండా రికార్డింగ్ పెట్టి వాళ్లు మూడో మనిషితో మాట్లాడేది వినడం వేరు. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డయిన సంభాషణను వైవాహిక వివాదాల్లో కోర్టు పరిశీలించవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే గాని, దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతిగా కొందరు చదువుకుంటున్నారు. నా దగ్గరకు అలాంటి ఫైళ్లు తెచ్చేవారికి నేను ఫోల్డర్ చూపించను.

గల్ఫ్ వెళ్లేవారి కుటుంబాలకు మరో మాట చెప్పాలి. రాజోలు, మలికిపురం, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటి పనికి వెళ్లే ఆడవారు వేల సంఖ్యలో ఉన్నారు. జీతం ఎంతో, ఏ ఇంట్లో పనో ఏజెంట్ చెప్పేది ఎక్కువగా వాట్సాప్ కాల్‌లో. ఫోన్ డయలర్ రికార్డు చేసేది మామూలు సిమ్ కాల్స్‌నే. వాట్సాప్ కాల్ ఈ ఫోల్డర్లలో వెతికినా ఉండదు. ఆ సంగతి తెలిసే కొందరు మామూలు కాల్ చేయరేమోనని నాకు అనుమానం. అందుకని ‘అన్నా, ఆ జీతం సంగతి ఒక్కసారి వాయిస్ మెసేజ్‌లో చెప్పు, ఇంట్లో వాళ్లకు వినిపిస్తాను’ అని అడగడం మంచిది. వాయిస్ మెసేజ్ చాట్‌లోనే నిలిచి ఉంటుంది, ఫైల్ మేనేజర్‌లో వాట్సాప్ మీడియా ఫోల్డర్ లోపల ‘వాయిస్ నోట్స్’లోనూ దొరుకుతుంది. రిజిస్టరైన ఏజెంట్ సేవా రుసుముగా తీసుకోదగ్గది ముప్పై వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. అంతకు మించి అడిగే గొంతును దాచుకోవడం ఎంతైనా అవసరం.

ఇదే అవకాశంగా ‘ఏ నంబరు ఇచ్చినా దాని కాల్ రికార్డింగ్‌లు తెప్పిస్తాం’ అనే వెబ్‌సైట్లు, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ వేసే ఫైలు) పంపి ‘ఇది వేసుకుంటే పోయిన రికార్డింగ్‌లు వస్తాయి’ అనేవారు తయారయ్యారు. మాటలు సిమ్ కంపెనీ దగ్గరే లేనప్పుడు వీరి దగ్గర ఎలా ఉంటాయి? అలాంటి ఫైలు వేసుకుంటే వచ్చేది రికార్డింగ్ కాదు, బ్యాంకు ఓటీపీలు వాళ్లకు వెళ్లిపోతాయి. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైనకొద్దీ ఆ డబ్బును మధ్యలో ఆపించే అవకాశం తగ్గిపోతుంది.

చివరగా నా విన్నపాలు. ఫోన్ తయారీదారులు రికార్డింగ్ ముగిసిన వెంటనే అది ఎక్కడ భద్రమైందో తెర మీద ఒక్క వాక్యంలో, ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో చూపాలి, ఆ వాక్యం మీద నొక్కితే నేరుగా ఫైలు తెరుచుకోవాలి. స్క్రీన్‌షాట్ తీస్తే ఈ సౌకర్యం ఉంది కదా, కాల్‌కు ఎందుకు ఉండకూడదు? సర్వీస్ సెంటర్లు రీసెట్ చేసే ముందు కస్టమర్ చేత సంతకం చేయించుకునే కాగితంలో ఫొటోలు, కాంటాక్టుల పక్కన కాల్ రికార్డింగ్‌ల మాట కూడా చేర్చాలి. గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు, రైతు సేవా కేంద్రాల్లో సిబ్బంది ధాన్యం సీజన్‌లో ఎలాగూ రైతుల ఫోన్లు చేతిలోకి తీసుకుని ఓటీపీలు చూస్తున్నారు. ఆ రెండు నిమిషాల్లోనే వారి ఫోన్‌లో రికార్డింగ్ ఫోల్డర్ ఏదో చూపించి, హోమ్ స్క్రీన్ మీద దానికో షార్ట్‌కట్ పెట్టి పంపితే పెద్ద సేవ అవుతుంది. మీ పత్రిక జిల్లా సంచికలో కంపెనీల వారీగా ఆ ఫోల్డర్ల దారిని బొమ్మలతో ఒక చిన్న పెట్టెలో, దాళ్వా కోతలు మొదలయ్యేలోపు వేయవలసిందిగా కోరుతున్నాను. కొబ్బరి మార్కెట్ దగ్గర గోడకు అంటించే పని నేను చూసుకుంటాను.

భవదీయుడు,
ఒక దస్తావేజు లేఖరి,
అంబాజీపేట, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.